కాకులు పగబట్టిన లైన్‌మన్ అన్న

"మామ పోయిండు, చిన్నమామా" అని గద్వాల నుంచి అన్న అల్లుడు ఫోన్ చేసినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "నిజంగనేనా?" అన్నాను.

ఆ పిల్లవాడు నొచ్చుకోలేదు. "పొద్దటిసంది అందరు గదే అడుగుతున్నరు. నిజంగనే పోయిండు. నిద్రలనే. ఎండ జర తగ్గినంక తీస్తం అంటున్నరు. నువ్వు వస్తవా మరి?"

ఆ చివరి "మరి"లో ఏముందో నాకు తెలుసు. ఒకసారి అన్న చనిపోయాడని కబురు వస్తే నేను వెళ్లలేదు. మర్నాడు ఆయనే మా ఇంటికి వచ్చి, ఈసారి చచ్చినప్పుడు తప్పకుండా రావాలని నా చేత మాట తీసుకున్నాడు. ఇలా చెబితే నాకు మతి తప్పిందనుకుంటారు. మొదటి నుంచి చెబితే అనుకోరు.

"వస్త. గిప్పుడే బయల్దేరుతున్న" అన్నాను. పోయినసారి కూడా అక్షరాలా ఈ మాటే అన్నాను. మా ఆవిడకు అది గుర్తుంది. నేను ఫోన్ పెట్టేసరికి నా చెప్పులు గడప దగ్గర, మొఖం వీధివైపు తిప్పి పెట్టి ఉన్నాయి. ఆమెకు మోకాళ్ల నొప్పి, రాలేదు. "మీరు బస్సెక్కినంక ఫోన్ చెయ్యిండ్రి. కండక్టర్‌తోని గూడ మాట్లాడియ్యిండ్రి" అంది. నలభై ఏళ్లు దగ్గర పడుతున్న కాపురంలో నా మాట విలువ అంత.

నాగర్‌కర్నూల్‌లో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బయట నిప్పులు చెరిగే ఎండ.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు, గద్వాలలో కరెంటు లైన్‌మన్. బస్సు డిపోలో గుమస్తాగా కొత్తగా చేరిన రోజుల్లో ఆయన ఇంటి ముందుగదిలో అద్దెకు దిగాను. ఆ వీధిలో సగం ఇళ్లలో మగ్గాలుండేవి. పొద్దున మగ్గాల చప్పుడు కంటే ముందే కాకుల గోల మొదలయ్యేది. కాకులు అరిచాయంటే అన్న డ్యూటీకి బయల్దేరాడని అర్థం.

ఇంట్లోంచి బయటకు వచ్చేటప్పుడు మనం కుడికీ ఎడమకూ చూస్తాం. ఆయన పైకి చూసేవాడు. గడపలో నిలబడి, మెడ వెనక్కి వంచి, ఒక కన్ను మూసి, ఎదురింటి ముందున్న స్తంభాన్ని, దాని వెనక వేపకొమ్మను, పక్కింటి టీవీ యాంటెన్నాను వరసగా పరికించేవాడు. "ఉన్నరా తల్లులు?" అని పలకరించేవాడు. పసుపుపచ్చ హెల్మెట్ పట్టీ గదవ కింద బిగించి, అప్పుడు అడుగు బయట పెట్టేవాడు. అడుగు పడీ పడగానే పైనుంచి ఒకటి దూసుకొచ్చి హెల్మెట్ మీద టక్కుమని కొట్టి పోయేది. దాని వెనక ఇంకొకటి. ఆయన తల వంచుకుని, పెద్దలు తిడుతుంటే వినే చిన్నవాడిలా వీధి చివరిదాకా నడిచేవాడు.

కాకుల తప్పేమీ లేదు. వానలకు ముందు కాకులు గూడు పెడతాయి. గద్వాల కాకులకు చెట్ల కంటే కరెంటు స్తంభాలు నచ్చాయి. పుల్లల కంటే ఇనుప తీగలు నచ్చాయి. ఇళ్లు కట్టే చోట రాలిన తీగముక్కలు, సైకిల్ చువ్వలు, ఆరేసిన చొక్కా కింద పడేసి ఎత్తుకొచ్చిన హ్యాంగర్, ఒకసారి ఎవరివో కళ్లద్దాల ఫ్రేము. మొదటి గాలివానకు ఆ తీగలు రెండు వైర్ల మధ్య పడి ఫట్‌మనేవి, వీధంతా చీకటి. అందుకని ఏటా ఎండాకాలంలో పైనుంచి ఆర్డరు వచ్చేది, గూళ్లు తీసేయమని. తీసే చేయి ఆయనది.

గూడు లోపల మెత్తని పరుపు ఉంటుంది. వేరే ఊళ్లలో కాకులు ఏ పీచో గడ్డో వేసుకుంటాయి. మా వీధి కాకులు మగ్గాల కింద ఊడ్చిపారేసిన పట్టుపోగులు వేసుకునేవి. మధ్యమధ్య జరీ మెరిసేది. అన్న ఒకరోజు అలాంటి గూడు తెచ్చి నా ముందు పెట్టాడు. "సూడు తమ్మీ. నీ వదినెకు పెండ్లిల గూడ గింత పట్టు పెట్టలే నేను. ఇవి పిల్లలను పండవెట్టనీకె ఏసుకున్నయి."

లోపల్నుంచి వదిన, "ఆ కాకినే జేసుకోకపోతివి" అంది.

"అది ఒప్పుకోవాలె గద!"

గుడ్లో పిల్లలో ఉన్న గూడును ఆయన పారేసేవాడు కాదు. పాత గంపలో పెట్టి పక్కనున్న వేపకొమ్మకు కట్టి దిగేవాడు. పైకెక్కినంతసేపూ వాటితో మాట్లాడుతూనే ఉండేవాడు. "ఆర్డరొచ్చిందమ్మా, నన్నేం జెయ్యమంటరు? నాది చిన్న నౌకరి. తంతె పెద్ద సారును తన్నుండ్రి. ఆయన బండి నంబరు జెప్త, రాసుకోండ్రి."

పెద్ద సారు ఒకరోజు నిజంగానే వచ్చాడు. స్తంభం కింద నిలబడి గూటివైపు వేలు చూపించి ఏదో చెబుతుండగా ఆయన ఇస్త్రీ చొక్కా భుజం మీద రెట్ట పడింది. ఆ సాయంత్రం అన్న ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి గోడ మీద పెట్టాడు. "ఎవరు జేసిండ్రో తెల్వదు గని, వచ్చి తినిపోండ్రి" అని పైకి చూసి కేకేశాడు. గుడ్డు తిన్నాయి. మర్నాడు పొద్దున మళ్లీ తన్నాయి.

కాకులకు ఆయన మొఖం గుర్తు. బట్టలు కాదు, సైకిల్ కాదు, హెల్మెట్ కూడా కాదు. తోటి లైన్‌మన్‌తో చొక్కా, హెల్మెట్ మార్చుకుని చూశాడు. ఆ మనిషి పాట పాడుకుంటూ వెళ్లిపోయాడు, దెబ్బలు ఈయనకే. మీసం తీసేశాడు. "కాకులేమో గుర్తువట్టె, నేనే గుర్తువట్టకపోతి" అని, మీసం మళ్లీ వచ్చేదాకా వదిన ఆయనవైపు తిరిగి అన్నం వడ్డించలేదు. ఎవరి పెళ్లిలోనో పెట్టిన తలపాగాతో నాలుగు రోజులు తిరిగాడు. చివరికి జాతరలో పిల్లల కోసం అమ్మే పులి ముసుగు కొనుక్కొచ్చాడు. అది పనిచేసింది. కాకులు కిక్కురుమనలేదు. కానీ వీధికుక్కలన్నీ ఏకమై వెంటబడ్డాయి. కరెంటు పోయిందని పిలిపించుకున్న ఇల్లాలు తలుపు తీసి, పులిని చూసి, మళ్లీ వేసుకుంది. "కాకులతోని అయితె మాట్లాడుకోవచ్చు తమ్మీ, కుక్కలు ఇనయి" అని ముసుగు అటక మీద పడేశాడు.

ఆయన వాటి మీద కోప్పడగా నేను చూడలేదు. పైగా వాటి తెలివి చెప్పుకుని మురిసేవాడు. సైకిల్ హ్యాండిల్‌కు తగిలించిన టిఫిన్‌డబ్బా కథ నేను ఎన్నిసార్లు విన్నానో. ఒక కాకి ఎదురుగా వచ్చి భుజం మీది తువ్వాలు గుంజేది. ఆయన దాన్ని అదిలించేలోగా రెండోది వెనక నుంచి డబ్బా గొళ్లెం ఎత్తేది. జొన్నరొట్టె ముట్టుకోదు, గుడ్డు ఎత్తుకుపోతుంది. గొళ్లానికి రబ్బరు చుట్టాడు. రబ్బరు సాగదీసి తెంపింది. ఇనుప తీగ మెలేసి బిగించాడు. తీగ విప్పింది, గుడ్డు తింది, తీగ కూడా గూటికి పట్టుకుపోయింది.

"మల్ల ఆ తీగ తియ్యనీకె నేనే స్తంభమెక్కాలె!" అని తొడ చరుచుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేవాడు. నవ్వు ఆగాక మెల్లగా, "మా ఆఫీసుల గింత తెలివి ఒక్కనికి లేదు. నాకూ లేదనుకో" అనేవాడు.

మేకలు నీళ్లు తాగే గోలెంలో రొట్టె నానబెట్టుకునే కాకిని చూసినప్పుడల్లా కూడా ఇంతే. "ఎండిన రొట్టెను ఎంత ముద్దుగ నానవెట్టుకున్నదో సూడు. నాకెవరు పెడ్తరట్ల?"

వదిన వాకిట్లోంచే జవాబు చెప్పేది. "నువ్వు గూడ పోయి గోలెం కాడ కూసో. పెడ్త."

బజారుకు వెళ్తే ఆయన చేతిలో గొడుగు ఉండేది, ఏ కాలమైనా సరే. పక్కన నడిచేవాళ్లకు కూడా దెబ్బ తగలకుండా ఆ గొడుగు వాళ్లవైపు జరిపి పట్టేవాడు. నేను దాని కిందికి వచ్చేవాణ్ణి కాదు. ఈయనతో కలిసి తిరిగితే నా మొఖం కూడా కాకులకు తెలిసిపోతుందని భయం. చెప్పులు కుట్టించుకోవాలనో, పేపరు చూడాలనో ఏదో ఒక వంకతో వెనకబడేవాణ్ణి. ఆయనకు తెలియకపోలేదు. ఒక్కసారి కూడా అనలేదు. నాకు కామెర్లు వస్తే వదిన వేరే కుండలో పథ్యం వండింది. ఆయన డ్యూటీ నుంచి రాగానే సైకిల్ మీద నన్ను నాటుమందుకు తీసుకుపోయేవాడు, వెనక కూర్చున్న నాకే గొడుగు ఇచ్చి, తను హెల్మెట్ మీద దెబ్బలు కాచుకుంటూ.

తర్వాత నన్ను వనపర్తి డిపోకు మార్చారు. వనపర్తి ఏమంత దూరం కాదు. బస్సులు తిరిగే ఆఫీసులోనే నా నౌకరి, జేబులో పాసు. మొదట నెలకోసారి వెళ్లాను. తర్వాత ఏడాదికోసారి. తర్వాత ఆయన ఫోన్ చేస్తే మాట్లాడటం మాత్రమే మిగిలింది. పనెక్కువగా ఉందని చెప్పేవాణ్ణి. పని ఉన్నమాట నిజమే, ఎక్కువ కాదు.

ఇక చావు కబురు సంగతి. మా దిక్కున కాకి తలమీద తంతే మంచిది కాదంటారు. దానికో విరుగుడుంది. ఆ మనిషి చనిపోయాడని చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో రావలసిన గండం తీరిపోతుంది. తర్వాత అసలు విషయం చెబుతారు. తిట్టుకుంటారు, నవ్వుకుంటారు, అన్నం తిని పోతారు.

రోజూ తన్నించుకునే మనిషికి రోజూ కబురు పంపలేరు గదా. వదిన దానికో పద్ధతి పెట్టుకుంది. డ్యూటీలో తన్నితే లెక్కలేదు. హెల్మెట్ మీద తన్నితే అసలే లెక్కలేదు, అది తలకు తగిలినట్టు కాదు. అలా ఏళ్లు గడిచాయి. ఒక ఆదివారం, ఆయన తలస్నానం చేసి, సొంత వాకిట్లో, ఉత్త తలతో అన్నం ముందు కూర్చుని ఉండగా ఒక కాకి వచ్చి నడినెత్తిన తన్నింది. పళ్లెంలోని ముక్క కూడా తీసుకుపోయింది. దీనికి మినహాయింపు దొరకలేదు. వదిన తన తమ్ముణ్ణి పిలిపించి అందరికీ ఫోన్లు చేయించింది.

నాకు ఫోన్ వచ్చినప్పుడు పచ్చిపులుసుతో అన్నం తింటున్నాను. మా ఆవిడ గొల్లుమంది. నేను "గిప్పుడే బయల్దేరుతున్న" అన్నాను. చావు కబురు విన్నాక స్నానం చెయ్యాలి గనక చేశాను. స్నానమయ్యేసరికి ఒళ్లు చల్లబడి హాయిగా ఉంది. బయట ఎండ. వెళ్లేసరికి ఎలాగూ తీసేస్తారు, పదకొండోనాటికి వెళితే వదినెతో నిమ్మళంగా మాట్లాడొచ్చు అనుకున్నాను. ఎండ తగ్గాక చూద్దామని కాసేపు నడుం వాల్చాను. లేచేసరికి దీపాలు పెట్టారు.

అక్కడ గద్వాలలో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. అన్న లోపలి గదిలో తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఎవరెవరు ఎలా ఏడుస్తారో వినడానికి. అమరచింత నుంచి వాళ్ల అక్క వీధి మలుపు నుంచే శోకం ఎత్తుకుంది. కొల్లాపూర్ నుంచి ఒక తోట మనిషి, ఈయనకు పాత స్నేహితుడు, మామిడిపండ్ల గంపతో సహా వచ్చాడు. "నీకిస్తనని తెంపిన కాయలివి. పిల్లలన్న తింటరని తెచ్చిన" అని గంప మీద తల పెట్టుకుని ఏడ్చాడట. అన్న అది విని తట్టుకోలేక తలుపు తీసుకుని బయటకు వచ్చేశాడు. ఇక తిట్లు, నవ్వులు, పండ్లు. పొద్దు గూకేదాకా వాకిట్లో పంక్తి భోజనాలు. నాకు మాత్రం ఎవరూ నిజం చెప్పలేదు. నేను దారిలో ఉన్నాను గదా. వదిన నా కోసం అన్నం తీసిపెట్టి ఎదురుచూసింది.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. గడపలో పసుపుపచ్చ హెల్మెట్‌తో అన్న నిలబడి ఉన్నాడు.

నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు వచ్చారు.

"ఎందుకొర్రుతవు? నిన్న నువ్వు రాకపోతివి, నేనే వచ్చిన" అన్నాడు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. సంగతంతా చెప్పాడు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూ ఏడుస్తోంది.

"ఇగ కానియ్యి" అన్నాడు నాతో.

"ఏంది అన్న?"

"ఏడువు. అందరు ఏడ్సిండ్రు. నువ్వొక్కనివి తక్కువ పడ్డవు. ఒక్కరు తక్కువైనా గండం సగమే పోతదని నీ వదినె పరేషాన్ అయితున్నది. నేను మల్ల డ్యూటీకి పోవాలె. జల్ది ఏడువు."

"నేను నిన్ననే ఏడ్సిన బావా" అంది మా ఆవిడ.

"నీది ముట్టిందమ్మా. అక్కడిదాక ఇనవడ్డది. ఈయనదే రావాలె."

నేను ప్రయత్నించాను. మొఖం చిట్లించాను, ముక్కు ఎగబీల్చాను. గొంతులోంచి మేకపిల్ల కూసినట్టు ఏదో వచ్చింది. ఆయన కాసేపు శ్రద్ధగా విన్నాడు. "ఇది ఎవరికోసం ఏడుస్తున్నవురా, మేక తప్పిపోయిందా?" అన్నాడు. ముగ్గురం నవ్వాం.

నవ్వు ఆగాక ఆయన హెల్మెట్ పట్టీని వేళ్ల మధ్య తిప్పుతూ అడిగాడు. "నిజం జెప్పు తమ్మీ. నేను పోయిన అనంగనే నీకేమనిపిచ్చింది?"

ఏదైనా అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఒకరోజు చచ్చి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుని అడుగుతుంటే అది బయటకు రాలేదు.

"ఎండ ఎక్కువున్నదనిపిచ్చింది అన్న" అన్నాను.

మా ఆవిడ చేతిలో చాయ్ గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఆయన నా మొఖంలోకి చూశాడు, గడపలో నిలబడి పైకి చూస్తాడే, అట్లా ఒక కన్ను మూసి. ఎంతసేపు చూశాడో. తర్వాత చాయ్ అందుకుని ఊదుకుంటూ తాగాడు.

"ఉండె" అన్నాడు. "నిన్న మా సెడ్డ ఎండ."

గ్లాసు కింద పెట్టి లేచాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు. "ఒక మాట ఇయ్యి. నిజంగ పోయిననాడు రావాలె. ఎండున్నా రావాలె. నువ్వు ఏడ్వకున్నా సరే, వచ్చి నిలవడు. నీ వదినె నీకోసం అన్నం తీసిపెట్టుకోని సూస్తది, అది నాకు మంచిగనిపియ్యదు."

చేతిలో చెయ్యేసి మాట ఇచ్చాను. గడప దగ్గర అలవాటు ప్రకారం ఆయన పైకి చూశాడు. వనపర్తి కాకులు మా ప్రహరీ మీద మామూలుగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. "ఈ ఊరు మంచిగున్నది తమ్మీ, నాకు ట్రాన్స్‌ఫరియ్యమని అడుగుత" అని, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, ఉత్త తలతో, పెళ్లికొడుకులా బస్టాండుదాకా నడిచాడు.

ఆ తర్వాత నేను మారిపోయానని చెప్పలేను. కొంచెం మారాను. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాణ్ణి. ఆయన నౌకరి నుంచి దిగిపోయాడు, కాకులు మాత్రం దిగలేదు. ఆయన స్తంభమెక్కగా ఎన్నడూ చూడని కొత్త కాకులు కూడా వెంటబడి తన్నేవి. "పిల్లలకు జెప్పి పెట్టినయి. మన ఇండ్లల్ల తాత ముచ్చట్లు జెప్పెటోల్లు లేరు గని, వాటి ఇండ్లల్ల ఉన్నరు" అనేవాడు. నేను నాగర్‌కర్నూల్‌లో స్థిరపడ్డాక మళ్లీ రాకపోకలు పలచబడ్డాయి. పోయిన ఏడాది ఒక్కసారి కూడా వెళ్లలేదు. మోకాళ్ల నొప్పి మా ఆవిడకు, వంక నాకు.

బస్సు వనపర్తిలో ఆగినప్పుడు పాత డిపో మనిషి ఒకడు కిటికీ దగ్గరికి వచ్చి, దిగి చాయ్ తాగిపొమ్మన్నాడు. తర్వాతి బస్సుకు పోవచ్చు, ఈ ఎండలో ఏం తొందర అన్నాడు. గొంతు ఎండిపోయి ఉంది. నిజం చెప్పాలంటే కాలు కదిలింది కూడా. కిటికీ కమ్మీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. బీచుపల్లి వంతెన మీద కృష్ణ బక్కచిక్కి కనిపించింది. అల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. "ఏడిదాక వచ్చినవు చిన్నమామా? ఆగుమంటె పెద్దోల్లు ఆగుతలేరు. లేపుతున్నరు."

గద్వాలలో దిగి ఆటో ఎక్కాను. ఎవరి చావుకు పోతున్నానో చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు. "కాకుల లైన్‌మనా? అప్పుడెప్పుడో ఒకసారి పోయిండన్నరు గద, గది అబద్ధమాయె. ఇప్పుడు నిజమేనా సార్?"

"నిజమే. జర జల్ది పోనియ్యి."

ఊరి చివర డప్పులు వినిపించాయి. ఆటో దిగి పరుగెత్తాను. ఈ వయసులో, ఆ ఎండలో అది పరుగో నడకో చూసినవాళ్లు చెప్పాలి.

పాడెను దింపుడు కల్లం దగ్గర దింపారు. శ్మశానానికి పోయే దారిలో ఒకచోట పాడెను కిందికి దింపి, దగ్గరివాళ్లు చెవిలో పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే వింటుందని ఆశ. గులాల్ పూసిన మొఖం ఆకాశానికి తెరిచి ఉంది. హెల్మెట్ లేదు, గొడుగు లేదు. పైన కాకులు. తీగల మీద, తుమ్మచెట్టు మీద, ఎక్కడ పడితే అక్కడ. డప్పుల మోతకు జడవకుండా ఒకదాని తర్వాత ఒకటి కిందిదాకా వచ్చి, మొఖం చూసి, అరిచి పోతున్నాయి. ఇద్దరు కుర్రాళ్లు తువ్వాళ్లు తిప్పుతూ అదిలిస్తున్నారు.

"పాపం, ఇంకా గుర్తువడుతున్నయి" అన్నారెవరో.

"పదోదినం పిండం ఈడ పెట్టకుండ్రి. ఈ కాకులు ముట్టయి. బీచుపల్లిల పెట్టుండ్రి, అక్కడి కాకులకు ఈయన తెల్వదు" అన్నాడు కొల్లాపూర్ తోట మనిషి. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వు మీదే అమరచింత అక్క ముందుకు వచ్చి కూలబడి, తమ్ముడి చెంపలు రెండు చేతుల్తో పట్టుకుంది.

"పోయినసారి గూడ గిట్లనే ఏడ్పిచ్చినవు గదరా. లే. లేసి నవ్వు. నవ్వురా నాయనా, తిట్టను."

అంతా ఊపిరి బిగబట్టి చూశాం. చావులో ఎవరైనా అలా చూస్తారో లేదో నాకు తెలియదు, మేం మాత్రం చూశాం. డప్పులవాళ్లు కూడా ఆపి చూశారు. ఆయన లేవలేదు. ఆయన నిజంగా పోయాడని ఊరందరికీ అప్పుడు తెలిసింది.

వదిన నన్ను చూసింది. మనుషుల మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చిన నా చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. "వచ్చినవా మర్దీ" అంది. "పో. నువ్వు గూడ ఒకసారి పిలువు."

మోకాళ్ల మీద కూర్చుని ఆయన చెవి దగ్గరికి వంగాను. పిలవాల్సింది అన్నా అని. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"అన్న, వచ్చిన. మా సెడ్డ ఎండున్నది గని వచ్చిన."

నెత్తిన టక్కుమంది. రెక్కల గాలి చెవికి తగిలింది. చెయ్యి పెట్టి చూసుకుంటే వేలికి కొంచెం నెత్తురు. చావు ముందట, ఉత్త తల మీద, సరిగ్గా నడినెత్తిన. దీనికి వదిన దగ్గర కూడా మినహాయింపు ఉండదు.

ఆమె దగ్గరికి వచ్చి, కొంగుతో నా తల మీది నెత్తురు అద్దింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, ఎప్పుడూ వాకిట్లోంచి జవాబు చెప్పినట్టే చెప్పింది.

"ఇగ నీ సావు కబురు గూడ పంపాలె గద మర్దీ. మాకు గూడ పంపు. అబద్ధమని తెల్సినా మేం వస్తం."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. మేకపిల్ల గొంతుతోనే వచ్చింది. ఆపుకోలేదు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి. పాడె లేపుతుంటే ముందు కొమ్ము పట్టిన అల్లుడు నా వైపు చూసి, పక్కకు జరిగి, భుజం పెట్టడానికి నాకు చోటిచ్చాడు.